ముసలమ్మ చేప

మా చెల్లెలి కూతురికి పద్నాలుగేళ్ళు నిండబోతున్నాయి. "పుట్టినరోజుకి ఏం కావాలే?" అని అడిగాను. పట్టుపరికిణీ అంటుందేమో, లోలాకులు అంటుందేమో అనుకున్నాను. "ఒక చేప కావాలి పెద్దమ్మా" అంది. బ్రిస్బేన్‌లో వాళ్ళింట్లో నేను దిగి అప్పటికి మూడు రోజులే అయింది. అయినా ఆ ఇంట్లో చేప అంటే పులుసులోకి కాదని గ్రహించాను కనుక కంగారు పడలేదు.

హాల్లో, మనమైతే టీవీ పెట్టుకునే చోట, వాళ్ళకి రెండున్నర అడుగుల గాజుతొట్టి ఉంది. ఎనభై లీటర్ల ఉప్పునీళ్ళు. అందులో సముద్రంలోంచి తెచ్చిన రాళ్ళు, రాళ్ళమీద చేతివేళ్ళలా ఆడే మెత్తటి పగడాలు, తెల్లటి పట్టీలున్న నారింజరంగు చేపల జంట ఒకటి, గాజుపుల్లలాంటి రొయ్య ఒకటి. ఇంకొక్క చేపకి చోటుందట. "ఒక్కటంటే ఒక్కటే" అని మా మరిది శాసనం.

"ఈసారి నువ్వే ఎంచు పెద్దమ్మా. నేనెంచితే బతకదు" అంది పిల్ల.

ఆ మాట వెనక కథ రాత్రి గిన్నెలు సర్దుతూ మా చెల్లెలు చెప్పింది. కిందటేడు ఈ పిల్ల పాకెట్ మనీ కూడబెట్టి, ఒంటినిండా చిరుతపులి మచ్చలున్న చేపను ముచ్చటపడి తెచ్చుకుంది. అది తొట్టిలో పడుతూనే ఇసకలో దూరి వారం రోజులు కనపడలేదు. తర్వాత పైకొచ్చిందిగాని, వేసిందేదీ ముట్టలేదు. సముద్రంలో అది రాళ్ళమీద, ఇసకలో కంటికానని పురుగుల్ని రోజంతా ఏరుకు తినే జాతి. తొట్టిలో ఆ తిండి ఎక్కణ్ణుంచి వస్తుంది? మూడు వారాల్లో పొట్ట లోపలికి లాక్కుపోయి చచ్చిపోయింది. ఆ మూడు వారాలూ పిల్ల అన్నం కంచం ముందు పెట్టుకుని తొట్టికేసి చూస్తూ కూర్చునేదట.

మర్నాడు చేపల దుకాణానికి వెళ్ళాం. చీరల దుకాణంలో నాకు తెలిసిన శాస్త్రం ఒక్కటే, రంగు. అదే ఇక్కడా ప్రయోగించాను. ఒక తొట్టిలో గులాబీ, నారింజ, ఊదా కలనేతలాంటి చేప ఒకటి రెక్కలు విప్పుకుని తిరుగుతోంది. కంచిపట్టు అంచు గుర్తొచ్చింది. "ఇదే!" అన్నాను.

పిల్ల నావైపు జాలిగా చూసింది. "అది ఫెయిరీ రాస్ పెద్దమ్మా. మగది. ఆడవి ఎదురుగా లేకపోతే కొన్నాళ్ళకి దాని రంగు దిగిపోతుంది. పైగా బెదిరితే తొట్టిలోంచి బయటికి దూకేస్తుంది. మన చిన్న తొట్టిలో కుదరదు."

ఎదుట మెచ్చేవాళ్ళు లేకపోతే రంగు దిగిపోయే మగవాళ్ళని నేను చూడకపోలేదు. కాని చేపల్లో కూడా అంతేనా? ఉత్తచేతులతో ఇంటికొచ్చాం. నేను బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. చరిత్ర చదివినవాళ్ళకి ఒక దుర్గుణం అబ్బుతుంది. ఏది చూసినా "ఇది ఎప్పటినించి?" అని అడుగుతారు. ఇంట్లో సముద్రం పెట్టుకోవాలన్న బుద్ధి మనిషికి ఎప్పుడు పుట్టింది? అందులోకి చేపను రంగు చూసి ఎంచుకోవడం ఎప్పుడు మొదలైంది? పిల్ల పుస్తకాలూ, వాళ్ళ పేట లైబ్రరీలో పుస్తకాలూ ముందేసుకుని కూర్చున్నాను.

మొదటి పేజీల్లోనే ఒక కుట్టుపనిమనిషి ఎదురైంది. పేరు ఝాన్ విల్‌ప్రూ. ఫ్రాన్సులో ఒక పల్లెటూళ్ళో చెప్పులు కుట్టేవాడి కూతురు, 1794లో పుట్టింది. పారిస్ చేరి దుస్తులు కుట్టడం నేర్చి, 1816లో ఒక రాకుమారి పెళ్ళిదుస్తులు తయారుచేసి పేరు తెచ్చుకుంది. పవర్ అనే వర్తకుణ్ణి పెళ్ళాడి సిసిలీ దీవిలో మెస్సీనా పట్నానికి కాపురం వెళ్ళింది. అక్కడి సముద్రంలో ఆర్గోనాట్ అనే ప్రాణి ఉంది. ఆక్టోపస్‌కి దగ్గర చుట్టం, కాగితంలాంటి పల్చటి గుల్లలో ఉంటుంది. ఆ గుల్ల దాని సొంతమా, సన్యాసి పీతలా ఎవరిదో దొంగిలించిందా అని పండితులు వాదులాడుకుంటున్నారు. చచ్చినవాటిని సీసాలో పెట్టుకుని వాదిస్తే తేలుతుందా? ఈవిడ 1832 ప్రాంతంలో గాజుతొట్లు చేయించి, వాటిలో సముద్రపునీళ్ళు పోసి, బతికున్న ఆర్గోనాట్లను పెట్టి రోజూ చూసింది. గుల్లకి బెజ్జం పెడితే ఆ ప్రాణి తనే అతుకు వేసుకోవడం చూసింది. పిల్లగా ఉన్నప్పటినుంచి గుల్ల కట్టుకోవడం చూసింది. వాదం తీరిపోయింది. చిరుగు చూస్తే అతుకు ఎలా పడుతుందా అని చూడడం కుట్టుపనివాళ్ళకి అలవాటే కదా! తర్వాత ఆవిడ సేకరించిన వస్తువులూ కాగితాలూ చాలామటుకు ఓడతోపాటు సముద్రంలో మునిగిపోయాయి.

రెండో ఆవిడ ఇంగ్లండులో పెద్దింటి ఇల్లాలు, అన్నా థిన్. భర్త వెస్ట్‌మినిస్టర్ ఆబీలో చర్చి అధికారి. 1846లో టార్కీ అనే సముద్రతీరపు ఊరికి వెళ్ళినప్పుడు రాళ్ళకంటుకున్న బతికున్న పగడాలను చూసి మనసు పారేసుకుంది. లండన్‌కి ఎలా తేవాలి? దారిలో కుదుపులకి ఒకదాన్నొకటి కొట్టుకుని చస్తాయి. సూదీదారం తీసి వాటిని ఒక పెద్ద స్పాంజికి కుట్టేసింది! రాతిజాడీలో నీళ్ళు పోసి మూతికట్టి ఇంటికి తెచ్చింది. తెచ్చాక అసలు చిక్కు మొదలైంది. లండన్‌లో సముద్రం లేదు. ఉన్న కాసిని నీళ్ళలోనే వాటికి ఊపిరి ఆడాలి. అందుకని రోజూ కిటికీ తీసిపెట్టి, ఆ నీళ్ళను ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ఎత్తిపోయించేది. మనం కాఫీ తిరగబోసినట్టే. అరగంట, ముప్పావుగంట, ప్రతిరోజూ.

పోసింది ఆవిడ కాదులెండి. పనిమనిషి.

అన్నా థిన్ పేరు పుస్తకాల్లో ఉంది. 1859లో ఆవిడ పగడాలమీద రాసిన వ్యాసం శాస్త్రపత్రికలో అచ్చయింది. ఆ నీళ్ళెత్తిన పిల్ల పేరు నేను చూసిన పుస్తకాలు వేటిలోనూ లేదు. ఇవాళ ఎనభై లీటర్ల తొట్టిలో చిన్న మోటారు గిర్రున తిరుగుతూ చేసే పని ఆ అమ్మాయి చేతులు చేశాయి. మర్నాటికల్లా భుజాలు ఎంత సలిపేవో! 1847లో అన్నా థిన్ సముద్రపు నాచుతో సహా రాళ్ళు తెప్పించి నీళ్ళలో వేశాక, నాచు వెలుతురులో ప్రాణవాయువు వదులుతుంది కనుక పని కొంత తేలికపడింది. రాయీ, నాచూ, జీవాలూ ఒకదాన్నొకటి బతికించుకునే తొట్టి అలా తయారైంది.

ఆ తర్వాత కథ మగవాళ్ళ చేతుల్లోకి వెళ్ళింది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. దాన్ని తీర్చినవాడు ఫిలిప్ హెన్రీ గాస్. మరుసటేడు అతను ‘ది అక్వేరియం’ అనే రంగుబొమ్మల పుస్తకం వేసేసరికి దేశానికి పిచ్చి పట్టింది. సముద్రపునీళ్ళు దొరకనివాళ్ళకి ఉప్పు ఎలా కలుపుకోవాలో కూడా ఆయనే చెప్పాడు. ఇంగ్లండులో ప్రతి డ్రాయింగు రూములోనూ గాజుతొట్టి వెలిసింది. సెలవులొస్తే పిల్లాజెల్లా ఉలులూ బకెట్లూ పట్టుకుని తీరంమీద పడడం, కనిపించిన పువ్వులాంటి జీవాన్నల్లా రాతిమీంచి ఒలుచుకు రావడం, ఇంట్లో అది వారానికే కుళ్ళిపోవడం! గాస్ కొడుకు ఎడ్మండ్ 1907లో తండ్రిమీద రాసిన పుస్తకంలో, తన చిన్నప్పుడు చూసిన ఆ రాతిగుంటల అందం మళ్ళీ ఎవరూ చూడలేరని బాధపడ్డాడు. తండ్రి ఎంతో ప్రేమతో రాసిన పుస్తకాలే ఆ తీరాన్ని ఊడ్చేశాయని కొడుకు రాయాల్సి రావడం నన్ను కాసేపు పుస్తకం మూసి కూర్చోబెట్టింది.

ఇక నా రంగుచేప సంగతి. దాని ఇంటిపేరు రాస్. ఐదువందలకు పైగా జాతులున్న పెద్ద కుటుంబం. రెండు మీటర్ల దాకా పెరిగే నెపోలియన్ రాస్ ఉంది, బొటనవేలు పొడుగున ఆగిపోయేదీ ఉంది. పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని నిఘంటువు తిప్పితే, ఇంగ్లండుకి నైరుతి మూలనున్న కార్న్‌వాల్ బెస్తల భాషలోంచి వచ్చిందిట. అర్థం? ముసలమ్మ! లావుపాటి పెదవులూ, బయటికి పొడుచుకొచ్చే పళ్ళూ చూసి అలా పిలిచి ఉంటారు. ప్రపంచంలోకెల్లా రంగులీనే చేపల కుటుంబానికి ముసలమ్మ పేరు.

కాని ఆ బెస్తవాళ్ళు ఊరికే అనలేదేమోనని తర్వాత నాకు అనుమానం వచ్చింది. వాళ్ళ సముద్రంలో బాలన్ రాస్ అని ఒకటుంది. అందులో పుట్టే ప్రతి పిల్లా ఆడదే. ఏళ్ళు గడిచాక కొన్ని మాత్రం మగవిగా మారతాయి. ఇంకో రాస్ ఉంది అక్కడ. గులాబిరంగు ఒళ్ళు, వీపుచివర మూడు నల్లమచ్చలు ఉంటే ఆడది. నీలం చారలతో నారింజరంగులో మెరిస్తే మగది. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో మూడుచుక్కల రాస్ ఒక జాతి, నీలిచారల రాస్ ఇంకో జాతి. మొగుడూపెళ్ళాల్ని రెండు వేరు వంశాలుగా రాసుకున్నారన్నమాట. నిజానికి మొగుడూపెళ్ళాలు కూడా కాదు. చాలాచోట్ల నీలిచారల ఆసామీ కొన్నేళ్ళ కిందట మూడుచుక్కల ఆవిడే!

ఇది కంటితో చూసి తేల్చింది నేను కూర్చున్న ఊరికి ఉత్తరాన, హెరాన్ దీవి దగ్గర పగడాల దిబ్బల్లో. డి. ఆర్. రాబర్ట్‌సన్ అనే శాస్త్రజ్ఞుడు 1972లో ‘సైన్స్’ పత్రికలో రాశాడు. ఆయన చూసింది క్లీనర్ రాస్ అనే చిన్న చేపను. ఇతర చేపల ఒంటిమీది పురుగుల్ని ఏరి తిని బతుకుతుంది. ఒక మగది, దాని కింద నాలుగైదు ఆడవి, వాటిలో పెద్దదానికి చిన్నవాటిమీద పెత్తనం. మగదాన్ని తీసేస్తే ఏమవుతుంది? గంటా రెండు గంటల్లో పెద్ద ఆడది మగదానిలా ప్రవర్తించడం మొదలెడుతుంది. రెండు మూడు వారాలకి ఒంట్లో కూడా పూర్తిగా మగదే. పోయిన ఇంటాయన తాళాలు నడుముకి దోపుకున్న పెద్దకోడలు గుర్తొచ్చింది నాకు. పక్కనున్న పిల్లకి ఈ పోలిక చెబితే అర్థం కాలేదు. "ఇంటి తాళాలు నడుముకెందుకు పెద్దమ్మా?" అంది.

రాస్‌లలో చాలావాటికి ఇదే వరస. సాదా రంగు ఆడవాటిది, జిలుగు రంగు మగవాటిది. ఆ జిలుగు మగవాటిలో ఎన్నో ఒకప్పుడు సాదా చీర కట్టినవే. దుకాణంలో నేను వేలుపెట్టి చూపించిన కంచిపట్టు చేప, ఎక్కడో ఒక దిబ్బమీద ఒక సంసారానికి పెద్ద. దాన్ని రంగు చూసి ఎత్తుకొస్తే, అక్కడ ఇంకో ఆడది తన ఆడతనం వదులుకుని ఆ చోటు నింపాలి. రంగు చూసేగా అందరూ కొనేది!

మరి ఈ రంగుల్ని పుస్తకంలోకి ఎక్కించినవాళ్ళెవరు? చేపను సారాయిలో వేస్తే ఒళ్ళు నిలుస్తుందిగాని రంగు పోతుంది. అందుకని పట్టిన వెంటనే బొమ్మ గీయాలి. మన విశాఖపట్నంలో ఈ పని రెండువందల ఏళ్ళ కిందటే జరిగింది. పాట్రిక్ రస్సెల్ అనే కంపెనీ కొలువులోని వైద్యుడు అక్కడ దొరికే రెండువందల చేపల్ని వర్ణించి 1803లో లండన్‌లో రెండు సంపుటాలు అచ్చువేయించాడు. రక్తపింజరికి ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు ఈ రస్సెల్‌దే. చేపల బొమ్మలు గీసింది మనదేశపు చిత్రకారుడు. చేపల పేర్లు తెలుగువే, ఇంగ్లీషు అక్షరాల్లో వంకరటింకరగా ఉన్నాయి. ఆ పేర్లు పలికిన విశాఖ జాలర్ల పేర్లు మాత్రం పుస్తకానికెక్కలేదు. నీళ్ళెత్తిన పిల్లకి తోడుగా వాళ్ళని కూడా నా నోటుబుక్కులో ఒకే పేజీలో రాసుకున్నాను.

ఇండోనేషియాలో ఆ పని చేసినవాడు పీటర్ బ్లీకర్, డచ్చి సైన్యంలో డాక్టరు. 1842నుంచి 1860దాకా అక్కడే ఉండి, చేపల బజార్లే ప్రయోగశాల చేసుకున్నాడు. 1857లో ఆయన పేరుపెట్టిన చేపల్లో ఒకటి, ఇప్పుడు చిన్న తొట్లవాళ్ళందరూ ముందు అడిగే ఆరుచారల రాస్. నారింజరంగు ఒంటిమీద ఆరు నీలిగీతలు. ఒళ్ళు చిన్నది, ఏది వేసినా తింటుంది, తొందరగా చావదు. ఇంకేం కావాలి అనుకున్నాను. పిల్ల తల అడ్డంగా ఊపింది. కొన్నాళ్ళకి తొట్టంతా తనదే అనుకుంటుందట. తర్వాత వచ్చినవాళ్ళని రాళ్ళ చుట్టూ తరిమి రెక్కలు కొరుకుతుందట. పెద్ద తొట్టిలో పారిపోవడానికి చోటుంటుంది. రెండున్నర అడుగుల్లో ఎక్కడికి పారిపోతాయి? ఉమ్మడి కాపురాలు చూసినదాన్ని, ఇంకో మాట చెప్పించుకోలేదు.

పగడాల తొట్టి అనేది ఇప్పటి రూపానికి రావడానికి కారకుడు కూడా ఇండోనేషియావాడే. లీ చిన్ ఎంగ్ అని జకార్తాలో ఉండేవాడు. సముద్రంలోంచి జీవం నిండిన రాళ్ళు తెచ్చి తొట్టిలో వేసి, గాలిబుడగలు మాత్రం పంపితే చాలు, రాళ్ళలోని సూక్ష్మజీవులే నీళ్ళు శుభ్రం చేస్తాయని 1961లో రాశాడు. అన్నా థిన్ నూటపద్నాలుగేళ్ళ ముందు చేసింది దాదాపు ఇదే కదా అనిపించింది నాకు. సరిగ్గా ఆ 1960ల తొలినాళ్ళలోనే ఫిలిప్పీన్స్‌లో ఇంకో పద్ధతి మొదలైంది. పగడాల సందుల్లోకి సైనైడు నీళ్ళు చిమ్మితే చేపలు సొమ్మసిల్లి చేతికి దొరుకుతాయి. పగడాలు చస్తాయి. చేపలు దుకాణందాకా బతికి, కొన్నవాళ్ళింట్లో కారణం తెలియకుండా చస్తాయి. అందుకే "ఇది ఎక్కడ పట్టారు, ఎలా పట్టారు?" అని అడగందే మా పిల్ల చేప కొనదు. బంగారం దుకాణంలో నేను అన్ని ప్రశ్నలు వేసి ఎరగను.

నేను వేలుపెట్టి చూపించిన ఫెయిరీ రాస్‌ల కుటుంబంలోనే ఒకదానికి 2022లో నామకరణం జరిగింది. మాల్దీవుల సముద్రంలో నలభైనుంచి డెబ్భై మీటర్ల లోతున ఉంటుంది. గులాబిరంగు. దాన్ని చాలా ఏళ్ళు ఛాగోస్ దీవుల దగ్గర దొరికిన ఇంకో జాతితో కలిపి ఒకటే అనుకున్నారు. 1974లో ఆ జాతికి పేరు పెట్టింది ఒకే ఒక పిల్లచేపను చూసి. పిల్లచేపల రంగు పెద్దయ్యాక ఉండదుగా! పొరపాటు తెలిశాక కొత్తపేరు పెట్టినవాళ్ళలో అహ్మద్ నజీబ్ అనే మాల్దీవుల శాస్త్రజ్ఞుడు ఉన్నాడు. తమ నీళ్ళలోని చేపకి మాల్దీవుల మనిషి శాస్త్రీయంగా పేరు పెట్టడం అదే మొదలు. వాళ్ళ భాషలో గులాబీని ఫినిఫెన్మా అంటారు, ఆ పేరే పెట్టారు. పేరు పుట్టకముందే ఆ చేప తొట్లలోకి అమ్ముడుపోతూ ఉంది.

ఇంతా చదివాక మళ్ళీ దుకాణానికి వెళ్ళాం. ఈసారి నేను రంగుల వరసకేసి వెళ్ళలేదు. కిందివరస తొట్టిలో, రాతికి పగులులాంటి చోట, వక్కపొడిరంగు చేప ఒకటి ఉంది. రెండంగుళాలు. సన్నటి తెల్లగీతలు, ముందుకి సాగిన మూతి, మొహానికి మించిన కళ్ళు. పాసమ్ రాస్ అంటారు. శాస్త్రంలో దాని వంశానికి 1928లో వెట్‌మోర్ అనే పక్షిశాస్త్రజ్ఞుడి పేరు పెట్టారు. చేపకి పక్షులాయన పేరేమిటో! ఆడదో మగదో చూసి చెప్పడం కష్టం. ఎవరి జోలికీ పోదు, సందుల్లో నక్కి తిరుగుతూ చిన్న పురుగుల్ని ఏరుకుంటుంది. పిల్ల దుకాణం అబ్బాయిని ముందు మేత వేయమంది. మూడు నిమిషాలు ఏం జరగలేదు. తర్వాత ఆ కన్ను గుండ్రంగా తిరిగింది, మూతి చాపింది, తింది. పిల్ల నాకేసి చూసింది. "సరే" అన్నాను.

ఇంటికొచ్చి తొట్టిలో వదలగానే మాయమైపోయింది. ఒకరోజు, రెండురోజులు, మూడురోజులు. పిల్ల ఏమీ అనలేదు కాని, కంచం పట్టుకుని తొట్టి ముందుకు చేరింది. మా చెల్లెలు నాకేసి చూసి ఊరుకుంది. పుట్టినరోజు పాయసం కూడా అక్కడే తిన్నాం ముగ్గురం. నాలుగోనాటి సాయంత్రం, దీపాలు తగ్గించాక, పగడాల వెనకనుంచి పొడుగాటి మూతి బయటికొచ్చింది. "పెద్దమ్మా, తింటోంది" అంది పిల్ల, గొంతు పెంచకుండా.

పేరేం పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. రాస్ అంటే ముసలమ్మ అని నేనే చెప్పి ఉన్నాను కదా, "అయితే అమ్మమ్మ" అనేసింది. మా అమ్మ పేరు చేపకా అని చెల్లెలు గోల పెట్టింది. వినలేదు.

నేను గుంటూరు వచ్చేసి నెల దాటింది. మొన్న ఆదివారం పిల్ల ఫోను చేస్తే, వరండాలో నిలబడి, "అమ్మమ్మ అన్నం తిందా? దాక్కోకుండా బయటికొస్తోందా?" అని అడుగుతున్నాను. లోపలినుంచి మా అమ్మ కేక వేసింది.

"తిన్నానే, ఇందాకే! నేనెక్కడ దాక్కున్నాను?"